రాత్రి కౌంటర్ దగ్గర నిలబడేది ఎవరు?

(వట్లూరులో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు మాకు సైన్సు చెప్పారు. ఏ ప్రయోగం చూపించాలన్నా ముందు కిటికీలు తీయించేవారు. పక్కన ఒక బకెట్‌తో నీళ్లు పెట్టించేవారు. వెనక బెంచీ వాళ్లని లేపి, మంట లేస్తే ఏ తలుపు గుండా వెళ్తారో చెప్పమనేవారు. ఆ తరవాతే అగ్గిపుల్ల గీసేవారు. నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో టెక్సస్‌లోనూ ఒహాయోలోనూ, ఫ్యాక్టరీల్లో ప్రమాదం ఎలా జరగడానికి వీలుందో ముందుగా లెక్కగట్టే ఉద్యోగం చాలా ఏళ్లు చేశాను. ఆ ఉద్యోగానికి కావలసిన చూపు నాకు ఇచ్చింది మాస్టారే. అందుకని ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు, ఆయన చూసినట్టే చూడాల్సిన విషయం ఒకటి ఎంచుకున్నాను.

ఊళ్లోకి వచ్చినప్పుడల్లా నన్ను అందరూ అడిగేది ఒకటే. "అక్కడ మావాడికి ఏం భయం లేదు కదమ్మా?" రైల్వే గేటు దగ్గర అడుగుతారు, పెళ్లి భోజనాల దగ్గర అడుగుతారు. దానికి ఉందనీ లేదనీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఈ గంటా అందుకే తీసుకుంటున్నాను.

అమెరికా బాగా చేసిన పని ముందు చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే బట్టల ఫ్యాక్టరీ అంటుకుంది. 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బతుకుతెరువు కోసం యూరప్ నుంచి ఓడల మీద వచ్చిన ఆడపిల్లలు. బయటికి పోయే తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. ఆ చావులు ఊరికే పోలేదు. న్యూయార్క్ రాష్ట్రం విచారణ సంఘం వేసింది, వరసగా చట్టాలు చేసింది. ఇవాళ అక్కడ ఏ సినిమా హాల్లో కూర్చున్నా చీకట్లో వెలిగే ఎగ్జిట్ బోర్డు కనబడుతుంది. ఆ తలుపు తోస్తే బయటికి తెరుచుకుంటుంది. దాని ముందు ఎవరూ కుర్చీలు, పాత సామాన్లు పేర్చరు. మన ఫంక్షన్ హాళ్లలో ఆ తలుపు ఎక్కడుందో ఒకసారి వెతికి చూడండి.

ఇంకొకటి మనకు బాగా దగ్గరి సంగతి. 1984 డిసెంబరులో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ విషవాయువు వేలమందిని చంపింది. అదే కంపెనీకి వెస్ట్ వర్జీనియాలో ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉండేది. 1985 ఆగస్టులో అక్కడా లీకైంది, వందమందికి పైగా ఆస్పత్రికి వెళ్లారు. ఆ దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడు, 1986లో, ఒక చట్టం వచ్చింది. మీ ఊరి పక్క ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఎంత నిల్వ ఉందో తెలుసుకునే హక్కు ఊరివాళ్లకు ఉంటుంది, ప్రమాదం జరిగితే ఏం చేయాలో స్థానికంగా ముందే ప్రణాళిక రాసి ఉంచాలి. 1992లో ఫ్యాక్టరీల లోపలి భద్రతకు ఇంకో పెద్ద నిబంధన వచ్చింది. నా జీతం ఆ నిబంధన పుణ్యమే. మనవాళ్లు పోయిన చోటు నుంచి వాళ్లు నేర్చుకున్నారు. మనం ఎంత నేర్చుకున్నామో ఏలూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరు మొదటి వారంలో మన ఏలూరు వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, పురుగుమందుల అవశేషాల మీద అనుమానం వచ్చింది. అప్పటిదాకా తాము తాగేదాంట్లో, తినేదాంట్లో ఏముందో ఏ ఇల్లాలికీ తెలిసే దారి లేదు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయనాల ఫ్యాక్టరీలో మంటలు లేచి ఆరుగురు కార్మికులు పోయారు. చుట్టుపక్కల వాళ్లకు ఆ గోడల లోపల ఏముందో చెప్పే కాగితం ఏదీ చేతిలో లేదు. క్షేమం అన్నది అమెరికా ప్రశ్న మాత్రమే కాదని గుర్తు చేయడానికే ఇదంతా చెప్పాను.

మంట దగ్గర, గ్యాసు దగ్గర ఇంత నేర్చుకున్న దేశం తుపాకీ దగ్గర నేర్చుకోవడం ఆపేసింది. ఆపేసింది అని కోపంతో అంటున్న మాట కాదు. 1996లో వాళ్ల పార్లమెంటు బడ్జెట్‌లో ఒక షరతు పెట్టింది: వ్యాధి నివారణ సంస్థ సీడీసీ తన డబ్బును తుపాకుల నియంత్రణను సమర్థించడానికి వాడకూడదు. పరిశోధన చేయొద్దని అందులో లేదు. కానీ అధికారులు భయపడ్డారు, పరిశోధన దాదాపు ఆగిపోయింది. మళ్లీ దానికని ప్రత్యేకంగా డబ్బు కేటాయించింది 2019 చివర్లో. ఇరవై ఏళ్లకు పైగా, ఏటా వేలమందిని చంపే ఒక కారణాన్ని ఆ దేశపు పెద్ద ఆరోగ్య సంస్థ కళ్లు దించుకుని దాటిపోయింది. నా వృత్తిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. లెక్క చూడకపోతే ప్రమాదం తగ్గదు.

లెక్కలు ఇవి. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల పోయినవాళ్లు 46,728 మంది. అందులో హత్యలు పద్దెనిమిది వేలకు కాస్త తక్కువ. సగానికి మించి, ఇరవై ఏడు వేలకు పైగా, ఆత్మహత్యలు. ఈ రెండో సంఖ్య మన ఇళ్లలో ఎవరికీ తెలియదు. తుపాకీ అంటే బయటినుంచి వచ్చే దొంగ అని మనం అనుకుంటాం. దొంగ కోసమని కొన్న తుపాకీ ఇంట్లోవాళ్ల నిరాశ చేతికి అందడమే ఎక్కువగా జరుగుతున్నది. జనం చేతుల్లో ఉన్న తుపాకులు 2017 నాటికి ముప్పై తొమ్మిది కోట్లకు పైగా ఉంటాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా వేసింది. అంటే మనుషుల కంటే ఎక్కువ.

మా వీధిలో తెలుగువాళ్ల పాప ఒకతె ఉండేది, అప్పుడే బడిలో చేరింది. బడిలో నేర్పిన ఒక 'ఆట' నాకు ఆడి చూపించింది. టీచర్ లైట్లు ఆర్పుతుంది, అందరూ తలుపుకు దూరంగా గోడకు ఆనుకుని కూర్చోవాలి, దగ్గొచ్చినా దగ్గకూడదు. ఫ్యాక్టరీల్లో నేను చాలా డ్రిల్లులు చేయించాను. గ్యాసు లీకైతే గాలి ఎటు వీస్తుందో చూసి పక్కకు పరిగెత్తమని నేర్పాను. కానీ ఐదేళ్ల పిల్ల తన చెప్పుల చప్పుడు తనకే శత్రువని నేర్చుకోవడం చూసి, ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఆ 'ఆట' వెనక ఉన్నవి బడుల్లో జరిగిన కాల్పులు: 1999లో కొలంబైన్, 2012లో శాండీ హుక్‌లో పోయిన ఇరవైమంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు. 2022లో టెక్సస్‌లోని యువాల్డీలో పంతొమ్మిదిమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. యువాల్డీకి 376 మంది పోలీసులు వచ్చారని టెక్సస్ శాసనసభ సంఘం తేల్చింది. అంతమంది ఉండి గంటకు పైగా తరగతి గది బయట ఆగారు. తుపాకులు ఎన్ని ఎక్కువుంటే అంత రక్షణ అనేవాళ్లకు ఆ బడి వరండాయే జవాబు.

ఇంత చెప్పి, మీ పిల్లలు ఉండే చోట రోజూ కాల్పులు జరుగుతాయని అనుకోనివ్వను. 1990ల మొదట్లో ఉన్నదానితో పోలిస్తే ఆ దేశంలో హింసాత్మక నేరాలు బాగా తగ్గాయి. కరోనా రోజుల్లో పెరిగిన హత్యలు తరవాత మళ్లీ తగ్గాయి. మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కునే శివారుల్లో అర్ధరాత్రి ఒంటరిగా నడిచినా కుక్క మొరుగుడు కూడా వినబడదు. అక్కడ క్షేమం అందరికీ ఒకే పాళ్లలో లేదు. ఏ పిన్‌కోడ్‌లో ఉంటున్నావు, ఏ వేళకు ఎక్కడ పని చేస్తున్నావు అన్నదాన్ని బట్టి దొరుకుతుంది. డబ్బున్నవాళ్లు దూరాన్ని కొనుక్కుంటారు. కొనుక్కోలేనివాళ్లు రాత్రి షిఫ్టు చేస్తారు.

2023 ఏప్రిల్ 20న ఒహాయోలో కొలంబస్ నగరంలో, అర్ధరాత్రి దాటాక ఒంటిగంట కాబోతుండగా, ఒక గ్యాస్ స్టేషన్‌లో పని చేస్తున్న ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి కాల్చి చంపారు. అతను మన ఏలూరు పిల్లాడు. ఇక్కడ చాలామందికి ఆ కుటుంబం తెలుసు, పేరు చెప్పి వాళ్ల గాయం కెలకను. కొద్దిరోజుల్లో ఎం.ఎస్. పట్టా చేతికి వస్తుందని, హెచ్‌1బీ ఉద్యోగ వీసాకి ఎంపికయ్యాడని, రెండు వారాల్లో ఆ ఉద్యోగం మానేద్దామనుకున్నాడని స్నేహితులు రాశారు. తండ్రి పోయాక ఇంటిని నిలబెట్టడానికి వెళ్లినవాడు. నేను ఉన్న రాష్ట్రం, నేను పుట్టిన ఊరి పక్క ఊరు, రెండూ ఒకే వార్తలో చదివాను.

అలాంటి వార్త వచ్చినప్పుడు మనం కాల్చినవాడి గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. నా పని అలవాటు నన్ను ఇంకో వైపుకు లాగుతుంది: ఆ అర్ధరాత్రి ఆ కౌంటర్ దగ్గరికి మన పిల్లల్ని చేర్చేది ఏమిటి? ఇక్కడి నుంచి చెప్పేది ఆ ఒక్క అబ్బాయి గురించి కాదు, అలాంటి కౌంటర్ల దగ్గర నేను చూసిన చాలామంది గురించి. రాత్రిపూట కారులో పెట్రోలు పోయించుకోవడానికి ఆగితే, గాజు అవతలి నుంచి "ఆంటీ, మీరు తెలుగువాళ్లా?" అని అడిగేవాళ్లు. కబుర్లాడితే గుంటూరనో, ఖమ్మమనో, తాడేపల్లిగూడెమనో చెప్పేవాళ్లు.

ఆ కౌంటర్ ఎందుకు ప్రమాదమో అందరికీ తెలిసిందే: నగదు, చీకటి, ఒక్క మనిషి, ఎవరికైనా తెరిచి ఉన్న తలుపు. దానికి మందు కూడా ఎప్పుడో దొరికింది. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ పట్నం 1980ల మధ్యలో ఒక చట్టం చేసింది. రాత్రిపూట ఇలాంటి దుకాణంలో ఇద్దరు ఉండాలి, కిటికీలకు పోస్టర్లు అంటించి లోపలి కౌంటర్ బయటికి కనబడకుండా చేయకూడదు, గల్లాలో కొద్ది డబ్బే ఉంచాలి, కెమెరా, వెలుతురు ఉండాలి. దుకాణాల యజమానులు కోర్టుకెక్కారు. చట్టం నిలబడింది. దోపిడీలు బాగా తగ్గాయి. ఇద్దరు మనుషుల వల్ల ఎంత, మిగతావాటి వల్ల ఎంత అని పరిశోధకులు వాదించుకున్నారు, ఆ వాదన మంచిదే. 1990ల మొదట్లో ఫ్లోరిడా రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టం వచ్చింది. గల్లాలో యాభై డాలర్లకు మించి లేవని గుమ్మం మీద రాసి పెట్టాలి. ముందు దోపిడీ జరిగిన దుకాణాలైతే రాత్రిపూట ఇద్దరు ఉండాలి, లేదా తూటా దిగని అద్దం లాంటి ఏర్పాటు ఉండాలి. 1998లో కార్మికుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఓషా రాత్రి దుకాణాల కోసం ఒక పుస్తకం వేసింది. అన్నీ మంచి సూచనలే. సూచనలు మాత్రమే, ఆజ్ఞలు కావు. ఒక ఇనప మెట్టుకు చేపట్టు కమ్మీ లేకపోతే జరిమానా వేసే ఆ సంస్థ, ఒంటరిగా అర్ధరాత్రి నిలబడ్డ కుర్రాడి విషయంలో సలహా దగ్గర ఆగింది. రెండో మనిషి జీతం ఎవరిస్తారన్న దగ్గర ఆగింది.

సరే, అది వాళ్లు చేయాల్సిన పని. ఇటు మన వైపు చూద్దాం. చేపల చెరువో, ఎకరం పొలమో తాకట్టు పెట్టి నలభై లక్షల అప్పు చేస్తాం. కన్సల్టెన్సీ వాళ్లు "పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులు వెళ్లిపోతాయండి" అంటారు. ఆ మాటను మనం నమ్మాలనుకుంటాం, నమ్ముతాం. నిజం ఏమిటంటే చదువుకునే వీసా మీద వెళ్లిన పిల్లలు చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయొచ్చు. ఆ పనులు అందరికీ దొరకవు. దొరకనివాళ్లు బయట నగదుకు పని చేస్తారు. పగలు క్లాసులు కాబట్టి మిగిలేది రాత్రి. అనుమతి లేని పని కాబట్టి యజమాని తక్కువ ఇచ్చినా, ఎవడైనా బెదిరించి డబ్బు లాక్కున్నా, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయడానికి భయపడతారు. పోలీసు వస్తే ముందు నా కాగితాలు అడుగుతాడేమో అన్న భయం. ఆ దేశపు రక్షణ ఏర్పాట్లన్నిటికీ బయట పడిపోయి బతకడం అంటే అదే. ఇక్కడ బ్యాంకులో పెట్టిన సంతకానికీ అక్కడ ఆ అర్ధరాత్రికీ మధ్య తాడు ఉంది. మా తరం తల్లిదండ్రులకు ఇది చెప్పక తప్పదు.

కాగితాల భయం ఊహ కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడినప్పుడు మన ఆంధ్ర పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది అసలు ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన వల. అందులో చిక్కినవాళ్లలోనూ, వాళ్లను చేర్పించారని కేసు పడ్డవాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల రికార్డులు ఒక్కసారిగా రద్దు చేసి, కోర్టులు అడ్డుపడ్డాక వెనక్కి తీసుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇవాళ అక్కడ మన పిల్లవాడు దొంగకు భయపడేదానికంటే ఈమెయిల్‌కు ఎక్కువ భయపడుతున్నాడు.

ఇంకొక రకం భయం ఉంది, అది మనిషి రంగు మీద పడేది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో ఓలేతా అనే ఊళ్లో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను, మా దేశం నుంచి పొమ్మని అరిచి కాల్చి చంపారు. పక్కన ఉన్న తెలుగు మిత్రుడు గాయపడ్డాడు. ముక్కూ మొహం తెలియని అమెరికా యువకుడు ఒకడు హంతకుణ్ణి ఆపబోయి తాను తూటా తిన్నాడు. హ్యూస్టన్ భారతీయులు చందాలు పోగు చేసి అతను ఇల్లు కొనుక్కోవడానికి ఇచ్చారు. శ్రీనివాస్ భార్య సునయన దుమాల భర్త వీసా మీద ఆధారపడ్డ మనిషి. భర్త పోయిన మరుక్షణం ఆ దేశంలో ఉండే హక్కు ఆమెకు లేకుండా పోయింది. అక్కడి పార్లమెంటు సభ్యుడొకరు పూనుకుని అనుమతి ఇప్పించారు. ఆమె అదే ఊళ్లో ఉండిపోయి, వలస వచ్చినవాళ్ల గురించి ఇరుగుపొరుగుకు చెప్పే పని పెట్టుకుంది. నాకు ఆ దేశం మీద మిగిలిన నమ్మకంలో పెద్ద వాటా ఆమెదీ, ఆ తూటా తిన్న యువకుడిదీ.

2023 జనవరిలో సియాటిల్‌లో ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగాన్ని అందుకుంది. ఆ తరవాత ఇంకో పోలీసు ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు, ఒక చెక్కు రాస్తే సరిపోతుందన్నట్టు మాట్లాడింది అతని ఒంటి మీది కెమెరాలో రికార్డయింది. నవ్వినవాణ్ణి 2024లో, కారు నడిపినవాణ్ణి 2025 మొదట్లో ఉద్యోగాల నుంచి తీసేశారు. నడిపినవాడి మీద క్రిమినల్ కేసు మాత్రం పెట్టలేదు. ఒక విషయం గమనించండి: ఆ నవ్వు రికార్డయింది, బయటికి వచ్చింది, జనం వీధుల్లోకి వచ్చి అడిగారు. అడిగే దారి ఉండటం కూడా క్షేమంలో భాగమే.

మనవాళ్లను కూడా ఒక మాట అడగాలి. 2015లో అలబామాలో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉదయం నడకకు వెళ్తే, ఎవరో కొత్త మనిషి ఇళ్ల మధ్య తిరుగుతున్నాడని ఒకరు పోలీసుకు ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాని ఆయన్ని పోలీసు నేలకేసి కొట్టాడు, ఒళ్లు చచ్చుబడింది. ఆ వార్తకు మనమంతా కన్నీళ్లు పెట్టుకున్నాం. ఇప్పుడు మన తెలుగు శివారుల్లో ప్రతి గుమ్మానికీ కెమెరా ఉన్న బెల్లు ఉంది. పెట్టె తెచ్చి పడేసే నల్లవాడు ఒక్క నిమిషం ఎక్కువ నిలబడితే కాలనీ వాట్సాప్‌లో ఫోటో తిరుగుతుంది. ఆ ఫోన్ చేసే పొరుగువాళ్లం మనమే అవుతున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగించే మార్పు.

తల్లిదండ్రులకు ఒక లెక్క చెప్పి అసలు మనవికి వస్తాను. 2024 జులైలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం, అంతకుముందు ఐదేళ్లలో అమెరికాలో చనిపోయిన భారతీయ విద్యార్థులు 108 మంది. దాడుల్లో పోయినవాళ్లు ఆరుగురు. మిగతావి జబ్బులు, ప్రమాదాలు, ఇతర కారణాలు. ఆరు తక్కువ అనడం లేదు, ఒక్కటైనా ఎక్కువే. కానీ మనం తుపాకీ గురించి మాత్రమే అడుగుతున్నాం. మంచు మీద కారు నడపడం వచ్చా, సీటు బెల్టు వెనక సీట్లో కూడా పెట్టుకుంటున్నారా, లాంగ్ వీకెండ్‌లో జలపాతం దగ్గర ఫోటోల కోసం దిగుతున్నారా అని అడగడం లేదు. కొల్లేటి అంచున పుట్టిన పిల్లలైనా అక్కడి చల్లటి నీళ్లలో ఒళ్లు కొయ్యబారి మునిగిపోతారు. ఒంటరిగా గదిలో ఉన్నవాడు సరిగ్గా నిద్రపోతున్నాడా అన్నది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

మన వట్లూరులోనే సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. ఏటా వేసవిలో ఇక్కడి నుంచి పిల్లలు బయలుదేరుతారు. స్మారక సంఘం పెద్దలకు నా మనవి ఇది. ప్రతి జూన్‌లో, వీసా వచ్చిన పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ ఒక పూట కూర్చోబెట్టండి. అప్పు కట్టే నెలసరి మొత్తం ఎంతో, మొదటి ఏడాది ఏ జీతమూ లేకపోతే ఇల్లు తట్టుకుంటుందో లేదో కాగితం మీద వేయించండి. తట్టుకోకపోతే ఒక ఏడాది ఆగి వెళ్లమని చెప్పే ధైర్యం ఎవరో ఒకరు చేయాలి. ఎవడైనా తుపాకీ చూపిస్తే గల్లా ఇచ్చేయాలని, యజమాని డబ్బు కోసం ప్రాణం అడ్డం పెట్టొద్దని, కాగితాలు ఎలా ఉన్నా 911కి ఫోన్ చేయమని చెప్పండి. తానా లాంటి అమెరికా తెలుగు సంఘాల అత్యవసర సహాయ బృందం నంబరు ఫోన్‌లో వేయించండి. నాన్నగారూ, అమ్మగారూ, మీరు ఫోన్‌లో "డబ్బులు పంపావా" అన్న మాటకు ముందు "రాత్రి ఎక్కడున్నావు" అని అడగండి. పిల్లవాడు నిజం చెప్పడానికి భయపడని గొంతుతో అడగండి.

మొదటి సమావేశానికి అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. హాలు ఎంచుకునేటప్పుడు మాత్రం రెండో తలుపు తెరిచి ఉన్నదో లేదో చూసి ఎంచుకోండి.